మతిమరుపుకు అయస్కాంతం: కర్నూలుకు 32 సార్లు

ఇంట్లో పెద్దావిడ చెప్పిందే చెబుతుంటే మన కర్నూలు వైపు ‘వయసైంది, చాదస్తం’ అని కొట్టిపారేస్తారు. ఉల్లి మార్కెట్‌లో బస్తాల లెక్క నోటితోనే కట్టిన మనిషి చిల్లర దగ్గర తడబడుతున్నా అదే మాట. పెద్దాసుపత్రి గుర్తొచ్చేది ఆమె రాత్రిపూట ఇల్లు దాటి దారి తప్పినప్పుడే. అలాంటి చోటికి ఇప్పుడు వాట్సాప్‌లో కొత్త ఆశ వచ్చింది: తలకు అయస్కాంతం పెడితే మతిమరుపు పోతుందట!

ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్ (టీఎంఎస్) అనే ఆ వైద్యం బూటకమేమీ కాదు. 1985లో ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం దాన్ని మొదట చేసి చూపింది. తలకు ఆనించిన కాయిల్ (తీగచుట్ట)లోంచి క్షణకాలం బలమైన కరెంటు పోతుంది. దాంతో పుట్టిన అయస్కాంత శక్తి పుర్రె దాటి మెదడు పైపొరలోని కణాలను కదిలిస్తుంది. కోత లేదు, మత్తు లేదు. టకటకమని చప్పుడు, నెత్తి మీద మొట్టినట్టు ఉంటుంది, అంతే. చేతి బొటనవేలు ఉలిక్కిపడటానికి ఎంత కావాలో చూసి, మనిషిని బట్టి మోతాదు కడతారు. డిప్రెషన్‌కు అమెరికాలో 2008లోనే అనుమతి వచ్చింది. మతిమరుపు ముదిరే జబ్బు అల్జీమర్స్‌కు తెచ్చిన ఒక పరికరం విషయంలో మాత్రం 2019లో అక్కడి నిపుణుల కమిటీ పెదవి విరిచింది.

చిక్కు లోతు దగ్గర. మామూలు కాయిల్ ప్రభావం రెండు మూడు సెంటీమీటర్ల దాకానే. జ్ఞాపకాలను పట్టి ఉంచే హిప్పోక్యాంపస్ అంతకన్నా లోపల ఉంటుంది. అందుకే రోమ్‌లో జియాకోమో కాక్ బృందం దానితో సంబంధమున్న ప్రెక్యూనియస్ అనే భాగాన్ని ఎంచుకుంది. 2022లో వచ్చిన ఆ ఫలితాల్లో అల్జీమర్స్ రోగులు 50 మంది, గడువు 24 వారాలు. నకిలీ కాయిల్ పెట్టినవాళ్లు దిగజారారు, అసలుది పెట్టినవాళ్లు దాదాపు ఉన్నచోటే నిలిచారు. పోయింది తిరిగి రాలేదు, పోవడం నెమ్మదించింది. నా లెక్కలో అది చిన్న విషయం కాదు. కానీ 50 మందిని చూసి ఊరంతటికీ హామీ ఇవ్వలేం.

పైగా వాళ్లంతా జబ్బు బాగా ముదరకముందే వచ్చినవాళ్లు. మొదటి రెండు వారాలు వారానికి ఐదు రోజులు, తర్వాత 22 వారాలు వారానికోసారి. మొత్తం 32 సార్లు. ఆదోని నుంచి కర్నూలు సుమారు వంద కిలోమీటర్లు. తోడు వచ్చే కొడుకో కోడలో అన్నిసార్లూ కూలి వదులుకోవాలి.

మతిమరుపు మొదలై ఇంకా డిమెన్షియా (రోజువారీ పనులే చేసుకోలేనంత మతిమరుపు) దాకా వెళ్లనివాళ్ల సంగతి ఇంకా తికమక. వీళ్లలో కొందరు ఏ మెషీనూ లేకుండానే మామూలుగా అయిపోతారు. ఆ కోలుకోవడాన్ని మెషీన్ ఖాతాలో రాసుకోవడం చాలా తేలిక.

అసలు మతిమరుపును కొలిచే పద్ధతే మనవాళ్లకు నప్పదు. తేదీ చెప్పు, ఒక వాక్యం రాయి అంటే బడి మొహం చూడని అవ్వ మంచి రోజుల్లోనూ తప్పుతుంది. దేవరగట్టు బన్ని ఏ పండగకో అడగండి, అప్పుడు తెలుస్తుంది.

కాబట్టి కాయిల్ దాకా పోకముందు విటమిన్ బీ12, థైరాయిడ్ చూడాలి, దిగులు జబ్బు ఉందేమో కనుక్కోవాలి, చెవులు పరీక్షించాలి. వినికిడి లోపం డిమెన్షియా ముప్పు పెంచే 14 కారణాల్లో ఒకటని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ చెప్పింది. ఇవన్నీ అయ్యాక, మూర్ఛ, పేస్‌మేకర్, తలలో లోహం ఉన్నాయా అని తప్పకుండా అడిగే డాక్టరు దగ్గరే మెషీన్ మాట ఎత్తాలి. రక్త పరీక్షలకైతే ఆదోని దాటి రానక్కర్లేదు.