ఒకే పుస్తకం, మూడు సబ్జెక్టులు: క్రెడిట్ దేనికివ్వాలి?

అమెరికాలో పిల్లల్ని ఇంట్లోనే చదివించే కుటుంబాలకు ఎనిమిదో తరగతి దాకా మార్కుల కాగితాలతో పెద్దగా పని పడదు. తొమ్మిదిలోకి వచ్చాక ట్రాన్‌స్క్రిప్ట్ (కాలేజీలకు పంపే కోర్సులు, గ్రేడ్లు, క్రెడిట్ల పట్టిక) రాసేది అమ్మానాన్నలే. చాలా కాలేజీలకు ఒకే చోట దరఖాస్తు చేసుకునే కామన్ యాప్‌లో బడి తరఫున వివరాలిచ్చే కౌన్సెలర్ పాత్రా సాధారణంగా వాళ్లదే. ఆల్జీబ్రా, కెమిస్ట్రీలతో పేచీ లేదు. చరిత్ర, గవర్నమెంట్ (ప్రభుత్వం, రాజ్యాంగాల పాఠం), సాహిత్యం ఒకదాన్నొకటి ఒరుసుకునే చోటే తకరారు: చదివిన పుస్తకాన్ని ఏ కోర్సు కింద లెక్కించాలి?

అక్కడి తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. మనం బడిలో చదివింది 'సోషల్'. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అన్నీ అందులోనే. ఆ లెక్కన నాలుగేళ్లకూ 'సోషల్ స్టడీస్' అని రాసేస్తే అక్కడ చెల్లదు. న్యూయార్క్ హోమ్‌స్కూల్ నిబంధనలే చూడండి: హైస్కూల్ నాలుగేళ్లలో సోషల్ స్టడీస్‌కు 4 యూనిట్లు (యూనిట్ అంటే దాదాపు ఏడాది కోర్సు), అందులో అమెరికా చరిత్రకు 1, గవర్నమెంట్‌కు అర, ఎకనామిక్స్‌కు అర. ఇంగ్లిష్‌కు వేరే 4.

మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖను తీసుకుందాం. పౌరహక్కుల ఉద్యమానికి అది చారిత్రక ఆధారం. న్యాయమైన చట్టమేది, కానిదేది అని క్రైస్తవ తత్వవేత్తలు అగస్టీన్, అక్వినాస్‌ల సాక్ష్యంతో వాదిస్తుంది కాబట్టి రాజనీతి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్: హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) గవర్నమెంట్ కోర్సులో తప్పక చదవాల్సిన 9 పత్రాల్లో అదొకటి. వాక్యం నడిపిన తీరు చూస్తే సాహిత్యం. మూడు కోర్సుల్లోనూ దాని పేరు రాయొచ్చా? నిక్షేపంగా రాయొచ్చు. రాయకూడనిది గంటలు. ఒక క్రెడిట్ అంటే వాడుకలో 120 నుంచి 180 గంటల పని. ఆ లేఖతో గడిపిన పది గంటల్ని మూడు చోట్లా పదేసి చొప్పున వేస్తే అది దొంగలెక్కే.

పుస్తకాన్ని బట్టి కాకుండా, పిల్ల చేసిన పనిని బట్టి విడదీయడం మేలని నా అభిప్రాయం. లేఖ శైలి మీద వ్యాసం రాస్తే ఇంగ్లిష్. అందులోని వాదాన్ని చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఇచ్చే రాజ్యాంగ 14వ సవరణతో పోల్చి రాస్తే గవర్నమెంట్. 1963 నాటి అలబామా పరిస్థితుల మీద రాస్తే చరిత్ర. ఏడాదంతా 'అమెరికన్ స్టడీస్' పేరుతో కలిపి చదివించినా ఇబ్బంది లేదు. రెండు కోర్సులకు సరిపడా పని జరిగితే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఇంగ్లిష్‌కు ఒకటి, అమెరికా చరిత్రకు ఒకటి చొప్పున రెండు వరుసలు వేసి, కలిపి బోధించిన సంగతి కోర్సు వివరణలో చెప్పాలి.

ఇలా ముక్కలు చేస్తే కలిపి చదవడంలోని అందం పోతుందని కొందరు వాపోతారు. పోదు. చదువు సాగిన తీరు వేరు, దాన్ని కాగితం మీద పెట్టే తీరు వేరు. ఆ కాగితం చదివేవాళ్లు మీ ఇంటికి వచ్చి చూసినవాళ్లు కాదు కదా! కోర్సు పేర్లలో కవిత్వం వద్దనేదీ అందుకే. 'స్వేచ్ఛా గళాలు' అని పెడితే అది ఇంగ్లిషో చరిత్రో ఎవరికి తెలుస్తుంది? ఏపీ అన్న ముద్రా అంతే: సిలబస్‌కు, ఏపీని నడిపే కాలేజ్ బోర్డు ఆమోదం లేకుండా కోర్సు పేరులో వాడకూడదు, పరీక్ష మాత్రం రాయొచ్చు.

కాలేజీలో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) ఆటలు ఆడాలనుకునే పిల్లలకు పట్టింపు ఇంకా ఎక్కువ. అందులో పై స్థాయి అయిన డివిజన్ 1కు కావాల్సిన 16 కోర్ (ముఖ్య) కోర్సుల్లో ఇంగ్లిష్ 4, సోషల్ సైన్స్ 2 ఉండాలి. హోమ్‌స్కూల్ పిల్లలైతే ఒక్కో కోర్సుకూ ఏం చదివారో, ఎలా మూల్యాంకనం చేశారో విడిగా ఫారం నింపాలి. పన్నెండో తరగతిలో కూర్చుని తొమ్మిదిలో చదివినవి గుర్తు చేసుకోవడం కష్టం. చదివిన పుస్తకం, రాసిన వ్యాసం, ఏ కోర్సు కింద వేశారో ఆ నెలలోనే రాసి పెట్టుకుంటే ఆ ఫారం ఒక పూటలో అయిపోతుంది.