బావగారి ఫార్వర్డూ, బెల్టు సాగిన టేప్‌రికార్డరూ

ఈ వారంలో ఈ వాట్సాప్ మెసేజ్ రావడం ఇది ఏడోసారి. మొదట టెన్త్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. తర్వాత రైస్‌మిల్లు గుమాస్తా పంపాడు, ఆ తర్వాత మేనకోడలు. నిన్న రాత్రి పదిన్నరకి మా వియ్యంకుడుగారు కూడా "బావగారూ, టీవీ డాక్యుమెంటరీలో చూపించారంటండి, మీ కొట్టుకొచ్చే వాళ్లందరికీ చెప్పండి" అని పంపేసరికి నిద్ర పోయింది. ఏడుగురికీ కలిపి ఇదే జవాబు.

సైబర్ నేరాల మీదా, పాటల చరిత్ర మీదా విదేశీ చానళ్లు తీసిన డాక్యుమెంటరీల సారమట. ఏ చానలో, ఏ ఏడాదో లేదు. ఎర్రక్షరాలు మాత్రం దండిగా ఉన్నాయి. పాత పాటల ఫైలు నొక్కితే బ్యాంకు ఖాతా ఖాళీ అన్నది ఒకటో పాయింటు. సంగీతంలో శ్రుతి కొలతని 440 హెర్ట్జ్‌కి (అంటే సెకనుకి 440 కంపనాలకి) మార్చి నాజీలు మన బుర్రలు పాడుచేశారన్నది రెండు. ఏటీఎంలో పిన్ తిరగేసి కొడితే పోలీసులొస్తారన్నది మూడు. చదువులేనివాళ్లూ అత్యాశపరులే మోసపోతారు, పోయిన డబ్బు ఎలాగూ రాదు, ఫిర్యాదు దండగ అన్నది నాలుగు. పాటల దొంగతనం 1999లో, ఇంటర్నెట్‌లో జనం పాటలు ఊరికే పంచుకున్న నాప్‌స్టర్‌తో పుట్టిందన్నది ఐదు. ఇరవైమందికి పంపమన్నది ఆరు.

నేను రాజోలులో 1984 నుంచి కేసెట్ల కొట్టు నడిపి, అది మూతపడ్డాక అదే షట్టర్ కింద సెల్ రిపేరు పెట్టుకున్నవాణ్ని. పాటలూ ఫోన్లూ రెండూ నా తిండి. ఒళ్లు మండదా?

మూడోది ముందు తీసేద్దాం. పిన్ 1221 పెట్టుకున్నవాడు డబ్బు తీసిన ప్రతిసారీ జీపు రావాలి మరి. వస్తోందా? ఆరోదానికి జవాబు అక్కర్లేదు.

ఐదోది చదివి నవ్వొచ్చింది. అంతకుముందు జనం బుద్ధిగా డబ్బులిచ్చి కొనుక్కునేవారట. కొనుక్కునేవారు, నా దగ్గర! అరవై నిమిషాల ఖాళీ కేసెట్టూ, నోటుపుస్తకంలో చింపిన పాటల చీటీ ఇచ్చి పోయేవారు. రెండు డెక్కులు కలిపి రాత్రంతా ఎక్కించేవాణ్ని. ఆఖరి పాట చరణం మధ్యలో టేపు అయిపోతే అక్కడికే సరి. అంతర్వేది తీర్థానికి మైకుసెట్లవాళ్లు పదేసి పట్టుకెళ్లేవారు. ఆడియో కంపెనీకి నేను కట్టింది సున్నా. నాప్‌స్టర్ పెట్టిన కుర్రాడు అప్పటికి పలక పట్టే ఈడువాడు. దొంగతనం ఎక్కడ మొదలైందో డాక్యుమెంటరీ తీయాలంటే మా షట్టర్ దగ్గరికి రమ్మనండి, టీ ఇప్పిస్తాను.

రెండోది. 440ని స్టట్‌గార్ట్‌లో షైబ్లర్ అనే ఆయన సిఫార్సు చేసింది 1834లో. నాజీల ప్రచారమంత్రి గోబెల్స్ పుట్టింది 1897లో. 1939లో లండన్‌లో కూర్చుని ఒప్పుకున్నదీ అదే అంకె, 1955లో అంతర్జాతీయ ప్రమాణంగా రాసుకున్నదీ అదే. వాద్యాలన్నీ కలిసి వాయించాలంటే ఏదో ఒక కొలత ఉండాలి కదా. అయినా మనకెందుకు ఈ గొడవ? మన పాటగాడు తన గొంతుకి పట్టే చోట సా పెట్టుకుంటాడు. ఒకరు ఒకటిన్నర శ్రుతి, ఇంకొకరు ఐదు. ఇక్కడి శంకరగుప్తంలో పుట్టి, నాలుగే స్వరాలతో మహతి రాగం కట్టిన బాలమురళీకృష్ణగారి గడ్డ మీద కూర్చుని హెర్ట్జ్ లెక్కలు ఫార్వర్డ్ చేసుకుంటున్నాం. 432లో వింటే జబ్బులు నయమవుతాయని కూడా కింద రాశాడు. బెల్టు సాగిన టేప్‌రికార్డర్‌లో ప్రతి పాటా దానంతటదే ఆ 432కి దిగేది, ఇంకా కిందకీ దిగేది. మా వీధిలో ఒక్కరికీ మోకాళ్ల నొప్పి తగ్గలేదు.

ఇక నాలుగోది. మిగతావన్నీ సరదా. ఇది కొంప ముంచేది.

పోయిన కార్తీకంలో ఓ సాయంత్రం మా వీధి చివరి మాస్టారు కొట్టుకొచ్చారు. నాకు లెక్కలు చెప్పినాయన. బ్యాక్ కవరు కావాలన్నారు. మూడు చూపించాను. మూడూ ఫోనుకి తొడిగారు, తీశారు. కొనలేదు, వెళ్లలేదు. కరెంటు పోయి వచ్చింది. అప్పుడడిగారు: "ఒరేయ్, వీడియో కాల్ చేసినవాడి మొహం ఈ ఫోనులో ఎక్కడైనా ఉండిపోతుందేంట్రా?"

ముంబైలో ఆయన పేరు మీద పార్శిల్ దొరికిందట, అందులో మత్తుమందులట. తెర మీద యూనిఫాం, వెనక గోడకి గాంధీగారి బొమ్మ. రెండు రోజులు గదిలోంచి కదలనివ్వలేదు. అమ్మగారికి పెన్షన్‌వాళ్లతో మీటింగని చెప్పారట. ఆవిడ కాఫీ గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయేది. 4,20,000 పంపేశారు. ఆయన ఆశపడింది లాటరీకా? నా మీద ఏ కేసూ లేదని కాగితం రాసిస్తే చాలు అనుకున్నారు. దాన్ని అత్యాశ అనేవాడెవడో నా ముందుకొచ్చి అనాలి.

చదువు సంగతంటారా, 2024 ఆగస్టులో లూధియానాలో వర్ధమాన్ బట్టల కంపెనీల అధిపతి ఎస్.పి. ఓస్వాల్ ఇదే వలలో 7 కోట్లు పోగొట్టుకున్నారు. పద్మభూషణ్ ఆయనకి. దొంగ సుప్రీంకోర్టు విచారణ పెట్టి మరీ నమ్మించారు. ఫిర్యాదు దండగన్నవాడు ఇది కూడా వినాలి: అందులో 5 కోట్ల 25 లక్షలు పోలీసులు వెనక్కి రాబట్టారు.

మాస్టారికి ఆ అదృష్టం లేదు, ఎందుకంటే మూడు రోజులు నోరు విప్పలేదు. ఎందుకండీ అంటే, "గ్రూపులో చూడట్లేదా, అత్యాశగాళ్లే మోసపోతారని. నన్నూ అదే అంటార్రా" అన్నారు. కౌంటరు మీంచే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కొట్టి ఫోను చేతికిచ్చాను. ఆ నంబరుకి చెబితే డబ్బు చేరిన బ్యాంకుకి కబురెళ్తుంది, ఖాతాలో ఉన్నంతవరకు ఆపుతారు. అప్పటికే ఇంకో ఖాతాకి దూకితే ఆ బ్యాంకు వెంట పడతారు. దొంగలు గంటల్లోనే పది అద్దె ఖాతాల్లోకి పంచేస్తారు కాబట్టి ఇదంతా పరుగు పందెం. మూడు రోజుల తర్వాత మొదలెడితే ఏం మిగులుతుంది? 60,000 ఆగింది. అదీ చేతికి రావాలంటే కోర్టు కాగితం కావాలి, తిరుగుతున్నారు. తిరగాలి, అది నిజమే.

అసలు డాక్యుమెంటరీలవాళ్లకీ ఒక దణ్ణం. చీకటి గది, తలకి ముసుగు, పచ్చక్షరాలు కారే తెర, వెనక గుండె దడదడలాడే సంగీతం. అది చూసి జనం, దొంగంటే అలా ఉంటాడనుకుంటారు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసులో అక్కణ్ణుంచి ఇలాంటి మోసపు కాల్స్ చేసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంటు పంపితే వెళ్లి చిక్కుకున్న కుర్రాళ్లు. గల్ఫ్ ఏజెంట్లని చూసిన కోనసీమకి ఈ కథ చెప్పాలా?

ఇంక ఒకటో పాయింటు. దీన్ని రెండు ముక్కల్లో తేల్చేద్దామనుకున్నాను: పాట పాటే, దొంగ ఉండేది పాట పేరు పెట్టుకున్న ఏపీకే ఫైల్లో, అంటే నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్లో. శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో వస్తుంది, ఎస్సెమ్మెస్‌లు చదవనిమ్మంటుంది, మనం సరే అని నొక్కుతాం. ఎంపీ3లో ఏముంటుంది నా మొహం, అని రాసి, ఆగాను. 2005లో సోనీ బీఎంజీ కంపెనీ తన పాటల సీడీల్లోనే, కాపీ కొట్టకుండా ఆపడానికని, కంప్యూటర్లో దొంగచాటుగా దాక్కునే ప్రోగ్రాం పెట్టింది. దాని చాటున వైరస్‌లూ దాక్కున్నాయి, సీడీలు వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. కంచే చేను మేయడమంటే అదే. 2015లోనయితే అచ్చంగా ఎంపీ3 ఫైలుతోనే ఆండ్రాయిడ్ ఫోన్లోకి దూరే సందు ఒకటి దొరికింది. తర్వాత పూడ్చారు, కానీ అప్‌డేట్ ముఖం చూడని ఫోన్లు నా డ్రాయరులోనే మూడున్నాయి.

కాబట్టి బావగారూ, ఒకటోదానికి సగం మార్కులు. మెసేజ్ మాత్రం ఉన్న అన్ని గ్రూపుల్లోంచీ తీసేయండి. "నాకు మాత్రమే" కాదండోయ్, "అందరికీ" అన్నది నొక్కాలి. రెండున్నర రోజులు దాటితే అదీ కుదరదు.