రేడియో మూగబోతే ముందు అనుమానించాల్సింది చేతివేళ్లనే

‘విమానంతో సంబంధాలు తెగిపోయాయి’ అని స్క్రోలింగ్ పడగానే హైజాకో, కూలిపోవడమో అని గుండెలు జారిపోతాయి. కాక్‌పిట్‌లో జరిగేది చాలాసార్లు ఇంతకంటే చప్పగా ఉంటుంది. నేల మీది కంట్రోలర్ 132.35 ఫ్రీక్వెన్సీకి మారమంటే పైలట్ 132.53 పెట్టి ఉంటాడు. వాల్యూమ్ నాబ్ తగ్గిపోయి ఉంటుంది. హెడ్‌సెట్ జాక్ సగం ఊడి ఉంటుంది. ఎయిర్‌లైన్ విమానంలో రేడియోలన్నీ ఒకేసారి చచ్చిపోవడం అరుదు. కంట్రోలర్‌తో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో సెట్లు మామూలుగా మూడుంటాయి. ఎయిర్‌బస్ ఏ320లోనైతే జనరేటర్లు పోయినా మొదటి సెట్‌కు ఎమర్జెన్సీ కరెంటు అందుతుంది. అందుకే రాడార్‌కు విమానం గుర్తు పంపే ట్రాన్స్‌పాండర్‌లో, రేడియో పోయిందని చెప్పే 7600 కోడ్ పెట్టేముందు పైలట్ తన చేతివేళ్లు ఏం చేశాయో ఒకసారి చూసుకోవాలి.

ఎయిర్‌బస్ రేడియో ప్యానెల్ మీద రెండు కిటికీలుంటాయి. ఒకదాంట్లో ఇప్పుడు మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీ, పక్కదాంట్లో స్టాండ్‌బై. మధ్య బటన్ నొక్కితే రెండూ చోటు మార్చుకుంటాయి. అంటే కొత్త ఫ్రీక్వెన్సీలో జవాబు రాకపోతే పాత కంట్రోలర్ ఒక్క నొక్కు దూరంలోనే ఉన్నాడు. స్టాండ్‌బై కిటికీలో వేరే నంబరు కొట్టేశారో, ఆ దారి పోయినట్టే. అందుకే పాత నంబరును కాగితం మీద రాసుకునే అలవాటును ఎవరూ చాదస్తం అనకూడదు.

పాత ఫ్రీక్వెన్సీ కూడా పలకకపోతే రెండో సెట్‌కు మారాలి. హెడ్‌సెట్ వదిలి హ్యాండ్ మైకు, స్పీకరు వాడి చూడాలి. ఆడియో ప్యానెలే చెడితే ఏ320 పైకప్పు మీద ఆడియో స్విచింగ్ నాబ్ ఉంటుంది, దాన్ని తిప్పితే మూడో ప్యానెల్ పనిలోకి వస్తుంది. మాట్లాడే బటన్ ఇరుక్కుపోయిందేమో కూడా చూడాలి. విమాన రేడియోలో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి మాట దూరదు. ఒక్క విమానంలో బటన్ ఇరుక్కుంటే ఆ ఫ్రీక్వెన్సీ మీదున్న అందరూ మూగవాళ్లే. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ ద్వీపంలో రెండు మాటలు ఒకేసారి వెళ్లి కీచుమన్న శబ్దంగా మిగిలాయి. రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోవడానికి దారితీసిన కారణాల్లో అదొకటి.

ఈ తనిఖీలన్నీ రెండు మూడు నిమిషాల పని. ఒకరు విమానం నడుపుతుంటే ఇంకొకరు చేయాలి. ఇద్దరూ రేడియో మీద పడితే అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. ఆ తర్వాత అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5 మీద పిలవాలి, దగ్గర్లో ఉన్న విమానం ద్వారా కబురు పంపాలి, రాత సందేశాలు పంపే డేటాలింక్, శాటిలైట్ ఫోన్ వాడాలి. సముద్రం మీదైతే చాలా దూరం పోయే హెచ్ఎఫ్ రేడియో ఉండనే ఉంది. వీహెచ్ఎఫ్ చూపుమేర మాత్రమే పోతుంది. 35,000 అడుగుల నుంచి సుమారు 230 నాటికల్ మైళ్లు, 3,000 అడుగుల నుంచి 67. కిందికి దిగేకొద్దీ వినిపించే పరిధి కుంచించుకుపోతుంది.

ఇవేవీ పని చేయకపోతేనే 7600. అప్పటి నుంచి పైలట్ పని ఒక్కటే, కంట్రోలర్ ఊహించినట్టు నడుచుకోవడం. వాతావరణం తేటగా ఉంటే అలాగే తేట గాలిలో ఉండి దగ్గర్లోని అనువైన ఎయిర్‌పోర్టులో దిగాలి. మబ్బుల్లో ఉంటే, రాడార్ ఉన్న చోట చివరిగా ఇచ్చిన వేగాన్ని, ఎత్తును 7 నిమిషాలు పట్టుకోవాలి. రాడార్ లేని చోట అది 20 నిమిషాలు. ఆ తర్వాత ఫ్లైట్ ప్లాన్ ప్రకారం పోవాలి. గమ్యం చేరాక అనుకున్న సమయానికి కిందికి దిగడం మొదలుపెట్టి 30 నిమిషాల్లోపు ల్యాండ్ కావాలి. ఇది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో సూత్రం. అమెరికా నిబంధన వేరు, కొన్ని దేశాలు తమ సొంత మార్పులు చేసుకున్నాయి. అంతర్జాతీయ విమానం నడిపే సిబ్బందికి ఇదో తలనొప్పి, దీన్ని ఒక దారికి తేవాల్సింది ఐకావోనే.

ఎత్తు విషయంలో రెండు వైపుల ఊహ కలవకపోతే ఏమవుతుందో 2006 సెప్టెంబర్ 29న అమెజాన్ అడవుల మీద తెలిసింది. లెగసీ బిజినెస్ జెట్ చివరిగా అనుమతించిన 37,000 అడుగుల్లోనే పోతోంది. ఫ్లైట్ ప్లాన్‌లో మాత్రం బ్రెజిల్ రాజధాని బ్రసీలియా దాటాక 36,000 అని ఉంది. దాని ట్రాన్స్‌పాండర్ సంకేతం ఆగిపోయింది, రేడియోలో పిలిచినా కలవలేదు. ఎదురుగా అదే ఎత్తులో వస్తున్న గోల్ ఎయిర్‌లైన్ బోయింగ్ 737ను ఢీకొంది. ఆ 737లోని 154 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఇక యూరప్ సంగతి. 2017 ఫిబ్రవరి 16న ముంబై నుంచి లండన్ వెళ్తున్న జెట్ ఎయిర్‌వేస్ 777 జర్మనీ మీద జవాబివ్వకపోతే యూరోఫైటర్ యుద్ధ విమానాలు పైకి లేచాయి. ఇలాంటప్పుడు యుద్ధ విమానం ఎడమ పక్కకు వచ్చి రెక్కలూపితే, తిరిగి రెక్కలూపి దాని వెంట నడవాలి, 121.5లో పిలవాలి. అసలు రెండో సెట్‌ను ఆ ఫ్రీక్వెన్సీ మీద పెట్టి, వాల్యూమ్ వినిపించేంత ఉంచితే యుద్ధ విమానం దాకా పోయే సందర్భాలు చాలా తగ్గుతాయి. కానీ ఆ ఫ్రీక్వెన్సీ మీద పిల్లి కూతలు కూసేవాళ్లున్నారు (అమెరికాలో ఇదో జబ్బు). ఆ గోల భరించలేక పైలట్లు వాల్యూమ్ తగ్గిస్తారు, తర్వాత పెంచడం మరిచిపోతారు. కంపెనీలు సిమ్యులేటర్‌లో 7600 పెట్టించడం కన్నా, ప్రతి ప్రయాణంలో పైకి లేచాక ఆ నాబ్‌ను ఒకరు చూసి ఇంకొకరికి చెప్పే పద్ధతి పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

చివరికి రేడియో లేకుండానే ఎయిర్‌పోర్టు దాకా వచ్చినా టవర్‌లో రంగు వెలుగుతో సంకేతాలిచ్చే లైట్ గన్ ఉంటుంది. గాల్లో ఉన్న విమానానికి ఆరకుండా పచ్చ వెలిగితే దిగవచ్చు. ఎర్ర ఆరకుండా వెలిగితే వేరేవాళ్లకు దారిచ్చి చుట్టూ తిరగాలి. ఎర్ర మినుకుమంటే ఆ ఎయిర్‌పోర్టు సురక్షితం కాదు, దిగొద్దని. చూశామని చెప్పడానికి పగలైతే రెక్కలూపాలి, రాత్రయితే ల్యాండింగ్ లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించాలి.