పుల్లంత తేడా

క్రీ.శ. 615 ప్రాంతం. మక్కాలో వేధింపులు భరించలేక కొద్దిమంది ముస్లింలు ఎర్ర సముద్రం దాటి అబిసీనియా (నేటి ఇథియోపియా ప్రాంతం) చేరారు. అక్కడి రాజు క్రైస్తవుడు. అరబ్బులు ఆయన్ని నజాషీ అంటారు. పారిపోయిన వాళ్లను వెనక్కి తెచ్చుకోవడానికి మక్కా పెద్దలు కానుకలిచ్చి దూతల్ని పంపారు. రాజు తొందరపడకుండా శరణార్థుల్నే పిలిపించి, మీ సంగతేమిటో చెప్పమన్నాడు. ప్రవక్త ముహమ్మద్ పెదనాన్న కొడుకు జాఫర్ ముందుకొచ్చి, ఖురాన్‌లో యేసు తల్లి మర్యమ్ (మరియ) గురించి ఉన్న వాక్యాలు వినిపించాడు. రాజు గడ్డం తడిసేలా ఏడ్చాడని, పక్కనున్న బిషప్పులూ కన్నీళ్లు పెట్టుకున్నారని ముస్లిం చరిత్రకారులు రాశారు.

మత సామరస్యం గురించి మాట్లాడేవాళ్లకు ఈ కథంటే చాలా ఇష్టం. కానీ సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. అసలు కథ మర్నాడు జరిగింది.

మక్కా దూత గడుసువాడు. మర్నాడు మళ్లీ వచ్చి, "వీళ్లు యేసు గురించి ఏమంటారో అడగండి" అని రాజుకు అంటించాడు. శరణార్థులకు టెన్షన్ పట్టుకుంది. రాజుకు నచ్చేలా చెబితే తల దక్కుతుంది, ఉన్నదున్నట్టు చెబితే ఏమవుతుందో తెలీదు. చివరికి ఉన్నదే చెబుదామనుకున్నారు. యేసు దేవుని దాసుడు, ఆయన ప్రవక్త, కన్య అయిన మర్యమ్‌లో దేవుడు ఉంచిన వాక్కు, ఆయన నుంచి వచ్చిన ఆత్మ అన్నాడు జాఫర్. దేవుని కుమారుడని మాత్రం అనలేదు. రాజు నేల మీంచి ఒక పుల్ల తీసి, నువ్వు చెప్పినదానికీ యేసుకీ ఈ పుల్లంత తేడా కూడా లేదన్నాడు. బిషప్పులు గుర్రుమన్నారు. మీరు గుర్రుమన్నా సరే అని, రాజు శరణార్థుల వైపు తిరిగి, నా రాజ్యంలో మీకు భయం లేదు పొమ్మన్నాడు. కానుకలు వెనక్కిచ్చేశాడు.

నాకు రాజు కన్నీళ్ల కంటే బిషప్పుల గుర్రు ముఖ్యమనిపిస్తుంది. వాళ్ల వైపు నుంచి చూస్తే వాళ్లది తప్పేం కాదు. అప్పటికి దాదాపు మూడు వందల ఏళ్ల కిందట, 325లో, నైసియాలో జరిగిన బిషప్పుల సభలో కుమారుడు తండ్రితో సమానుడని చర్చి గట్టిగా తీర్మానించుకుంది. దాని మీద ఊళ్లకు ఊళ్లు వాదించుకున్నాయి, మనుషులు దేశాలొదిలి పోయారు. అలాంటి విషయంలో పుల్లంత తేడా కూడా లేదంటే వాళ్లకు కాలదా? రాజు పెద్దమనసుతో అన్నాడు గానీ, ఆ తేడా పుల్లలతో కొలిచేది కాదు. అయినా శరణు దొరికింది. ఆ సభలో సిద్ధాంతం తేలలేదు, బిషప్పుల కోపం చల్లారలేదు, మనుషులు మాత్రం క్షేమంగా ఉన్నారు. క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య గౌరవం ఎలా ఉండొచ్చో చెప్పడానికి ఇంతకంటే మంచి నమూనా నాకు కనపడలేదు.

"అన్ని మతాలూ ఒకటే చెబుతాయి" అని మనం అలవాటుగా అనేస్తాం. చెవికి హాయిగా ఉంటుంది. కానీ ఈ రెండు మతాల మధ్య ఆ మాట పని చెయ్యదు. బొత్తిగా సంబంధం లేని రెండు మతాలైతే ఎవరి దారిన వాళ్లు పోవచ్చు. ఇక్కడ ఇద్దరూ మాట్లాడేది ఒకే మనిషి గురించి, ఒకే తల్లి గురించి, ఒకే అబ్రాహాము గురించి. చెప్పేది వేరు. పరాయివాళ్ల గొడవ కాదిది, దాయాదుల తగువు. ఉమ్మడి ఆస్తి ఉన్నచోటే సరిహద్దు రాయి మీద కొట్లాట.

ఉమ్మడిది ఎంతుందో చాలామందికి తెలీదు. ఖురాన్ మొత్తంలో పేరు పెట్టి చెప్పిన స్త్రీ ఒక్కరే, మర్యమ్. 19వ సూరాకు, అంటే అధ్యాయానికి, ఆమె పేరే. ఈసా (యేసు) అన్న పేరు 25 చోట్ల వస్తుంది. తండ్రి లేకుండా పుట్టడం, గుడ్డివాళ్లకు చూపివ్వడం, కుష్ఠు నయం చెయ్యడం, చచ్చినవాళ్లను లేపడం అన్నీ ఉన్నాయి. చర్చికి రోజూ వెళ్లేవాళ్లలో కూడా ఇది మొదటిసారి విని "నిజమా!" అనేవాళ్లుంటారు. అటువైపూ అంతే. క్రైస్తవులు ముగ్గురు దేవుళ్లను కొలుస్తారని నమ్మే ముస్లింలు ఎందరో. చర్చిలో చదివే విశ్వాస ప్రమాణం మొదలయ్యేదే దేవుడు ఒక్కడేనన్న మాటతో అని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న త్రిత్వాన్ని ఒప్పుకోనక్కర్లేదు, కానీ ఒప్పుకోనిది ఏమిటో సరిగా తెలిసి ఉండాలి కదా.

ఇక సిలువ. యేసును చంపలేదు, సిలువ వెయ్యలేదు, వాళ్లకు అలా అనిపించిందంతే అంటుంది ఖురాన్ నాలుగో సూరా. సిలువ తీసేస్తే క్రైస్తవుడికి గుడ్ ఫ్రైడే లేదు, ఈస్టర్ లేదు, రక్షణ లేదు. ఇక్కడ మధ్యేమార్గం వెతకడం ఇద్దర్నీ మోసం చెయ్యడమే.

అందుకే ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి తీరని మనోవ్యథ ఒకటుంది. "మీ యేసు పేరు పలికినప్పుడల్లా ఆయనకు శాంతి కలుగుగాక అంటాం. మీరు మా ప్రవక్తను ఆ మాత్రం గౌరవించరేం?" అంటాడు ముస్లిం. "మీరు గౌరవించే యేసుకు సిలువ లేదు, ఆయన మేం కొలిచే యేసే కాదు" అంటాడు క్రైస్తవుడు. రెండూ న్యాయమైన మాటలే. 1965 అక్టోబర్ 28న కేథలిక్ చర్చి తన వాటికన్ మహాసభలో ఇతర మతాల గురించి ఒక ప్రకటన చేసింది. ముస్లింలను గౌరవంగా చూస్తామని, వాళ్లు ఒకే దేవుణ్ని ఆరాధిస్తారని, యేసును ప్రవక్తగా మన్నిస్తారని, మరియను గౌరవిస్తారని అందులో రాసుకుంది. శతాబ్దాల తిట్ల తర్వాత అది చాలా పెద్ద మలుపు. కానీ ఆ ప్రకటన మొత్తంలో ముహమ్మద్ పేరు లేదు, ఖురాన్ పేరూ లేదు. చదివిన ముస్లింలు ఆ ఖాళీని వెంటనే గమనించారు. గమనించరా మరి.

ఆ ఖాళీని పన్నెండు వందల ఏళ్ల ముందే ఒకాయన పూరించే ప్రయత్నం చేశాడు. ఎనిమిదో శతాబ్దం చివర్లో బాగ్దాద్‌లో తూర్పు చర్చి అనే క్రైస్తవ శాఖకు పెద్ద తిమోతి. ముస్లిం సామ్రాజ్యాన్ని ఏలే ఖలీఫా అల్ మహ్దీ ఆయన్ని పిలిచి రెండు రోజుల పాటు ప్రశ్నలడిగాడు. మా ప్రవక్త గురించి ఏమంటావన్నది అందులో ఒకటి. ముహమ్మద్ ప్రవక్తల దారిలో నడిచాడు, విగ్రహాల నుంచి తన ప్రజల్ని ఒకే దేవుడి వైపు తిప్పాడు, పొగడదగినవాడు అన్నాడు తిమోతి. మరైతే ఒప్పుకోవచ్చుగా అన్న ధోరణిలో ఖలీఫా ఇంకా ముందుకు లాగినా ఆయన లొంగలేదు. ఒక పోలిక చెప్పాడు. చీకటి ఇంట్లో అర్ధరాత్రి ముత్యం ఒకటి జారిపడింది. అందరూ తడుముకుంటున్నారు. ఒకడి చేతికి ముత్యం దొరికింది, ఇంకొకడికి గాజుముక్క, మరొకడికి రాయి. ప్రతివాడూ ముత్యం నా దగ్గరే ఉందని సంబరపడుతున్నాడు. తెల్లారితేనే తెలుస్తుంది. మనమందరం ఇంకా చీకట్లోనే ఉన్నామన్నాడు. అయితే ముత్యం తమ దగ్గరే ఉందని తను నమ్ముతున్నట్టు కూడా చెప్పాడు. అది చెప్పకపోతే ఆ పోలికకు అర్థమే లేదు.

(ఒక తమాషా ఉంది. నజాషీ కథ ముస్లింలు రాసుకున్నది, ఖలీఫా కథ తిమోతి స్వయంగా రాసుకున్నది. ఎవరి కథలో వాళ్లే బాగా మాట్లాడతారు. అది మనసులో పెట్టుకునే చదవాలి.)

మంచి కథలు ఏరుకుని చదివితే చరిత్ర మొత్తం ఇలాగే ఉందనిపిస్తుంది. లేదు. 1009లో ఖలీఫా అల్ హాకిమ్ యెరూషలేములో యేసు సమాధి చర్చిని పడగొట్టించాడు. 1099లో యూరప్ నుంచి దండెత్తి వచ్చిన క్రైస్తవ సైనికులు, క్రూసేడర్లు, అదే ఊళ్లో ముస్లింలనూ యూదులనూ ఊచకోత కోశారు. ముస్లిం రాజ్యాల్లో క్రైస్తవులు జిజియా పన్ను కట్టి రెండో తరగతి జనంగా బతికారు. స్పెయిన్‌లో పదహారో శతాబ్దం వచ్చేసరికి ముస్లింలకు ఆ రెండో తరగతి కూడా దక్కలేదు. బలవంతంగా మతం మార్చి, 1609 నుంచి ఆ మారినవాళ్ల సంతానాన్ని కూడా దేశం నుంచి గెంటేశారు. ఎవరి ఖాతా పుస్తకం వాళ్ల దగ్గరుంది, అందులో ఎదుటివాడి బాకీలే రాసి ఉంటాయి.

ఆ యేసు సమాధి చర్చి తాళాల కథ కూడా సామరస్యానికి గుర్తుగా అందరూ చెప్పేదే. తాళంచెవి ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంటుంది, తలుపు తెరిచేది ఇంకో ముస్లిం కుటుంబం. శతాబ్దాలుగా అదే పద్ధతి. చెప్పుకోవడానికి బాగుంది. కానీ లోపల హక్కులున్న క్రైస్తవ శాఖలు ఆరు, వాటికి ఒకదాని మీద ఒకదానికి నమ్మకం తక్కువ. ముఖద్వారం మీద కిటికీ దగ్గర ఒక నిచ్చెన ఎప్పటినుంచో అలాగే ఉంది, దాన్ని జరిపే అధికారం ఎవరిదో తేలదు గనక. అంటే తాళం పరాయివాడి చేతిలో ఉండటానికి ఒక కారణం ఇంట్లోవాళ్లు ఒకరినొకరు నమ్మకపోవడం. అయినా నాకిందులో ఒకటి నచ్చుతుంది. ఎవరూ ఎవరినీ ప్రేమించమని అడగలేదు. పొద్దున్నే తలుపు తెరవాలి, సాయంత్రం వెయ్యాలి. ఆ పని జరిగిపోతోంది.

పెద్దల స్థాయిలో ఉత్తరాలు, ఒప్పందాలు నడుస్తూనే ఉన్నాయి. 2006లో జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌లో పోప్ బెనెడిక్ట్ ఒక పాతకాలపు బైజాంటిన్ చక్రవర్తి ముహమ్మద్‌ను నిందించిన మాటల్ని ఉటంకించడంతో ముస్లిం దేశాల్లో మంట రేగింది. దానికి జవాబుగా వచ్చినవాటిలో బాగా నిలబడింది ఒక ఉత్తరం. 2007 అక్టోబర్‌లో 138 మంది ముస్లిం పండితులు క్రైస్తవ నాయకులందరికీ రాశారు. దేవుణ్ని ప్రేమించు, పొరుగువాణ్ని ప్రేమించు అన్న రెండు ఆజ్ఞలు రెండు గ్రంథాల్లోనూ ఉన్నాయి, అక్కడి నుంచి మొదలుపెడదాం అని. అవమానానికి జవాబుగా ఉత్తరం రాయడం నిజంగా గొప్ప విషయం. 2019 ఫిబ్రవరి 4న అబుదాబీలో పోప్ ఫ్రాన్సిస్, ఈజిప్ట్‌లోని అల్ అజహర్ గ్రాండ్ ఇమామ్ అహ్మద్ అల్ తయ్యిబ్ మానవ సౌభ్రాతృత్వ పత్రం మీద కలిసి సంతకం చేశారు. వీటితో నా పేచీ ఒక్కటే. ఆదివారం ప్రసంగం దాకా, శుక్రవారం ఖుత్బా దాకా ఇవి దిగడం తక్కువ. అక్కడ ఇప్పటికీ పాత సరుకే.

చట్టం సరిగా లేనిచోట గౌరవం గురించి మాట్లాడటం కూడా సగం మాటే. పాకిస్తాన్‌లో దైవదూషణ కేసులో 2010లో మరణశిక్ష పడిన క్రైస్తవ మహిళ ఆసియా బీబీ, సుప్రీంకోర్టు నిర్దోషి అనేదాకా ఎనిమిదేళ్లు తీర్పు కోసం జైల్లో ఎదురుచూసింది. ఆమె తరఫున మాట్లాడిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ను 2011లో సొంత అంగరక్షకుడే కాల్చేశాడు. తసీర్ ముస్లిం. ఇటు స్విట్జర్లాండ్‌లో 2009లో జనం ఓటేసి మరీ కొత్త మినార్లు కట్టకూడదని రాజ్యాంగంలో రాసుకున్నారు. అప్పటికి దేశమంతా కలిపి ఉన్న మినార్లు నాలుగు. ఈ రెండూ ఒకే తూకం కాదు, ఒకచోట ప్రాణం, ఇంకోచోట గోపురం. కానీ మైనారిటీగా ఉన్నప్పుడు అడిగే హక్కుల్ని మెజారిటీ అయ్యాక ఇవ్వడం ఎవరికైనా కష్టంగానే ఉందని రెండూ చెబుతాయి.

2015 డిసెంబర్‌లో కెన్యాలోని మందేరా వైపు వెళ్తున్న బస్సును అల్ షబాబ్ ముష్కరులు ఆపారు. ముస్లింలు ఒకవైపు, క్రైస్తవులు ఒకవైపు నిలబడమన్నారు. ముందు ఏడాది అదే ప్రాంతంలో ఇలాగే విడదీసి ముస్లిమేతరులను 28 మందిని చంపారు. ఈసారి ముస్లిం ప్రయాణికులు విడిపోలేదు. బస్సులోని ఆడవాళ్లు తమ దగ్గరున్న తలగుడ్డల్ని క్రైస్తవ మహిళలకు కట్టుకోమని ఇచ్చారు. చంపితే అందర్నీ చంపండి, లేదంటే వదలండి అన్నారు. సలా ఫరా అనే ముస్లిం టీచర్‌కు తూటా తగిలింది, నెల తిరక్కుండానే ఆయన చనిపోయాడు.

తుపాకీ ముందు అలా నిలబడటం చాలా పెద్ద సంగతి. అయితే అది కొన్ని నిమిషాల పరీక్ష. ఏళ్ల తరబడి రాసే పరీక్ష ఇంకొకటి ఉంది. నైజీరియాలోని కడునాలో ఇద్దరు రాశారు. పాస్టర్ జేమ్స్ వూయే, ఇమామ్ ముహమ్మద్ అషఫా. 1990ల మొదట్లో ఇద్దరూ చెరోవైపు యువకుల ముఠాలను నడిపించినవాళ్లు. 1992 అల్లర్లలో పాస్టర్ కుడి చెయ్యి పోయింది, ఇమామ్ తన గురువునూ బంధువులు ఇద్దరినీ పోగొట్టుకున్నాడు. ఒకర్ని ఒకరు చంపాలనే అనుకున్నారు. 1995లో ఒక మీటింగ్‌లో ఎవరో ఇద్దర్నీ కలిపి, ఈ రాష్ట్రంలో శాంతి తేవాలంటే మీరే తేగలరన్నారు. మక్కా దగ్గరి తైఫ్ ఊరివాళ్లు రాళ్లు విసిరినా ప్రవక్త క్షమించాడన్న ప్రసంగం విని ఇమామ్ మనసు అంతకుముందే కాస్త మెత్తబడి ఉంది. పాస్టర్‌కు ఇంకా చాలాకాలం పట్టింది. ద్వేషం పెట్టుకుని క్రీస్తును ప్రకటించలేవని ఇంకో పాస్టర్ చెబితే గానీ లోపల కదల్లేదు.

ఇద్దరూ కలిసి మధ్యవర్తిత్వ కేంద్రం పెట్టారు. 2002 ఆగస్టులో మతపెద్దలతో కడునా శాంతి ప్రకటన మీద సంతకాలు చేయించారు. మూడు నెలలు తిరగకుండా, మిస్ వరల్డ్ పోటీ మీద పత్రికలో వచ్చిన ఒక వ్యాసంతో ఊరు మళ్లీ అంటుకుంది. వందల మంది పోయారు. సంతకాలు ఆపలేకపోయాయి. పాస్టర్ పాస్టర్‌గానే, ఇమామ్ ఇమామ్‌గానే ఉన్నారు, ఎవరూ తమ ప్రసంగంలో నీళ్లు కలపలేదు. మొదట్లో ప్రయాణాల్లో ఒకే గదిలో పడుకోవాల్సి వచ్చినప్పుడు, నిద్రపోతున్న ఇమామ్ మొహం మీద తలగడ నొక్కేద్దామా అనిపించేదని వూయే తర్వాత బహిరంగంగానే చెప్పాడు. అది తెలిశాక కూడా ఇమామ్ అతనితో కలిసే ఊళ్లు తిరిగాడు.