పాత కంప్యూటర్, ఆస్టరిస్క్, సున్నా బిల్లు: ఆ మెసేజ్‌లో నిజమెంత?

ఒంగోలు, చీమకుర్తి వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆస్టరిస్క్ అంటే కంప్యూటర్‌ను ఆఫీసు ఫోన్ ఎక్స్‌చేంజ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్. దాని గురించిన ఆ మెసేజ్ సారాంశం ఇది: “అన్నా, మూలన పడ్డ కంప్యూటర్‌లో ఆస్టరిస్క్ వేసుకోండి. ఓపెన్ సోర్స్ కాబట్టి దేనికైనా కలుస్తుంది. స్కైప్‌కు కలిపే మాడ్యూల్ నెట్‌లో ఫ్రీ, వాట్సాప్‌కూ అంతే. సిమ్ముల బాక్సు ఒకటి తగిలిస్తే విదేశాల కాల్స్ లోకల్ అయిపోతాయి, పక్కవాళ్ల కాల్స్ కలిపి సంపాదించుకోవచ్చు. ఫోన్ బిల్లు సున్నా.” గ్రానైట్ ఫ్యాక్టరీల ఆఫీసుల్లో ఇంటర్‌కమ్ బిగించే పని నాది. ఈ మెసేజ్ చూపించి “మాకూ ఇదే పెట్టు” అనేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఒక్కో మాటే చూద్దాం.

ఆస్టరిస్క్ ఉచితమన్నది నిజం. మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఎవరైనా వాడుకోవచ్చు, కోడ్ మార్చుకోవచ్చు. “దేనికైనా కలుస్తుంది” అన్న దగ్గరే తప్పు మొదలైంది. ఆస్టరిస్క్ ప్రధానంగా సిప్ పద్ధతిలో, అంటే ఇంటర్నెట్‌లో ఫోన్ కాల్స్ కలపడానికి అందరికీ తెరిచి ఉన్న ఒక పద్ధతిలో మాట్లాడుతుంది. అవతలి సర్వీసు కూడా సిప్‌లో మాట్లాడితే కలుస్తుంది. స్కైప్ తన కాల్స్‌కు సొంత పద్ధతి పెట్టుకుని, దాన్ని బయటికి చెప్పలేదు. మన గుమ్మం తలుపు బార్లా తీసి పెట్టుకున్నంత మాత్రాన ఎదురింటి తాళం ఊడిరాదు కదా.

ఇక ఆ స్కైప్ మాడ్యూల్. అది గాలివార్త కాదు, ఒకప్పుడు నిజంగానే ఉండేది. ఆస్టరిస్క్ వెనకున్న డిజియం కంపెనీ, స్కైప్ కలిసి 2008లో ప్రకటించి, 2009లో అమ్మకానికి తెచ్చాయి. కానీ అది ఫ్రీ కాదు, ఒకేసారి ఎన్ని కాల్స్ నడవాలో అన్ని చానెళ్లకు లైసెన్స్ కొనాలి. ఓపెన్ సోర్స్ కూడా కాదు, కోడ్ చూపించని బైనరీ ఫైలు. 2011లో స్కైప్ ఆ ఒప్పందాన్ని కొనసాగించనంది. అదే ఏడాది జూలైతో అమ్మకాలు ఆగిపోయాయి. డబ్బులు పెట్టి కొన్నవాళ్లు కూడా చేయగలిగిందేమీ లేదు, ఎందుకంటే కోడ్ వాళ్ల చేతిలో లేదు. మైక్రోసాఫ్ట్ స్కైప్‌ను కొంటున్నట్టు ప్రకటించిందీ ఆ ఏడాది మే నెలలోనే. దాని వల్లే మాడ్యూల్ పోయిందని చాలామంది అనుకున్నారు, కానీ అప్పటికి ఆ కొనుగోలు ఇంకా పూర్తే కాలేదు.

మాడ్యూల్ లేనివాళ్లు ఇంకో కిటుకు వాడేవాళ్లు. సర్వర్‌లో స్కైప్ సాఫ్ట్‌వేర్‌నే తెరిచి ఉంచి, దాని మైకు, స్పీకరు దారుల్ని ఫోన్ సిస్టమ్ వైపు మళ్లించడం. నాలుగు కాల్స్ కావాలంటే నాలుగు స్కైపులు తెరవాలి. స్కైప్ తన సాఫ్ట్‌వేర్ మారిస్తే ఆ కిటుకు గల్లంతు. అసలు ఇప్పుడు ఈ చర్చే అనవసరం: 2025 మే 5న స్కైపే మూతపడింది. నెట్‌లో ఎక్కడో ఆ పాత ఫైలు దొరికినా అది కలవడానికి అవతల ఎవరూ లేరు. తెలియని సైటు నుంచి దించుకున్న ఫైలును ఆఫీసు సర్వర్‌లో వేసుకుంటే మిగిలేది టెన్షనే.

వాట్సాప్ సంగతి కొంచెం వేరు. వ్యాపార సంస్థల కోసం వాట్సాప్ యజమాని మెటా అధికారికంగా కాలింగ్ సదుపాయం ఇచ్చింది, అందులో సిప్ దారీ ఉంది. అయితే షరతులు వాళ్లవి: మనం కస్టమర్‌కు చేయాలంటే ముందు అతని అనుమతి ఉండాలి, అలా చేసిన కాల్స్‌కు చార్జీ కూడా ఉంటుంది. మామూలు వాట్సాప్ నంబర్‌ను అనధికారిక సాఫ్ట్‌వేర్‌తో కలిపితే ఖాతా బ్లాక్ కావచ్చు. గ్రానైట్ కొనేవాళ్ల చాట్లన్నీ ఉన్న నంబర్‌తో ఎవరైనా ఈ ప్రయోగం చేస్తారా?

సిమ్ముల బాక్సు, అంటే చాలా సిమ్ములు పెట్టి కాల్స్ నడిపే పెట్టె, ఆ మాట మాత్రం ప్రమాదకరం. విదేశీ కాల్‌ను ఇంటర్నెట్‌లో తెచ్చి, ఇక్కడి సిమ్ నుంచి లోకల్ కాల్‌లా వదలడం, అదీ పక్కవాళ్ల కాల్స్‌తో సంపాదించడం అక్రమ ఎక్స్‌చేంజ్ నడపడమే. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా టెలికాం సేవ నడిపితే 3 ఏళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సిమ్ములు మన పేరు మీదే ఉన్నాయి అంటే తప్పించుకోవడం కాదు, దొరికిపోవడం.

చివరిగా సున్నా బిల్లు. ఒంగోలు ఆఫీసు, చీమకుర్తి ఫ్యాక్టరీ, నెల్లూరు బ్రాంచి తమలో తాము మాట్లాడుకోవడానికైతే ఆ మాట దాదాపు నిజం, ఇంటర్నెట్ ఖర్చు తప్ప ఏమీ పడదు. బయటి నంబర్లకు మాత్రం లైసెన్స్ ఉన్న టెలికాం కంపెనీ దగ్గర సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీదుగా వచ్చే ఫోన్ లైను) తీసుకోవాలి, లేదా ఉన్న ల్యాండ్‌లైన్‌ను గేట్‌వే అనే పరికరంతో ఆస్టరిస్క్‌కు కలుపుకోవాలి. రెండింటికీ బిల్లు వస్తుంది. పైగా మెసేజ్ చెప్పని సంగతి ఒకటుంది. సిప్ కాల్స్ వచ్చే 5060 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి, ఎక్స్‌టెన్షన్ (లోపలి ఫోన్ నంబరు) 101కి పాస్‌వర్డ్ కూడా 101 పెట్టి వదిలేస్తే, దొంగ ప్రోగ్రాములు వెతుక్కుంటూ వచ్చి రాత్రంతా మన ఖాతాలో ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ చేస్తాయి. అందుకే నేను బిగించే చోట పాస్‌వర్డ్‌లు పొడుగ్గా పెడతాను. బ్రాంచీలను వీపీఎన్‌లో, అంటే బయటివాళ్లు చొరబడలేని ప్రైవేటు దారిలో కలుపుతాను. యజమాని అడిగితే తప్ప డయల్‌ప్లాన్‌లో (ఏ నంబరు ఏ దారిన వెళ్లాలో రాసే పట్టికలో) 00తో మొదలయ్యే నంబర్లకు దారి రాయను, ట్రంక్ మీద ఐఎస్‌డీ ఆపేయమని కంపెనీకి కూడా చెప్పిస్తాను.