మహారాజశ్రీ స్పార్క్ ప్లగ్ గారికి

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయాను. కానీ ఇంజిన్‌లో పెట్రోలుకు నిప్పు పెట్టాల్సిన తమరు మసిబారి నా అరచేతిలో ఉన్నారు. నేను బండి నెట్టి నెట్టి చెమటలు కక్కుతూ వేపచెట్టు కింద ఉన్నాను. ఉభయులకూ కుశలం లేదు.

ముందు తమరి పేరు సంగతి. మా బండి పుస్తకంలో ‘సీపీఆర్8ఈఏ-9’ అని ఉంది. పెళ్లిసంబంధం వాళ్లు కూడా గోత్రం, నక్షత్రం ఇంత పొదుపుగా చెప్పరు. సీ అంటే మర (బిగించే చుట్లు) వెడల్పు 10 మిల్లీమీటర్లు, ఈ అంటే దాని పొడవు 19, చివరి 9 అంటే కొనల మధ్య సందు 0.9 అట. కొట్టు కుర్రాణ్ణి పొడవెంతని అడిగితే "మర ఎక్కుతుంది కదా సార్" అన్నాడు. ఎక్కుతుంది నాయనా! పొడవెక్కువైతే పిస్టన్ పైకొచ్చి తల బాదుకుంటుంది, అదీ నా బాధ.

మధ్యలో ఆ 8 ఉంది చూశారూ, అసలు తిరకాసంతా అక్కడే. తమరిని చేసిన ఎన్‌జీకే కంపెనీ లెక్కలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లన. బాష్ కంపెనీ లెక్కలో అంకె పెరిగేకొద్దీ వేడి! ఒకరు ఉత్తరానికి దణ్ణం పెడితే ఒకరు దక్షిణానికి. పైగా హాట్ ప్లగ్ అంటే నిప్పురవ్వ గట్టిగా కొడుతుందనుకుని ఇన్నేళ్లూ స్నేహితులకు సలహాలిచ్చాను. కాదట. పింగాణీ ముక్కు పొడుగ్గా ఉండి, వేడి ఇంజిన్ హెడ్‌లోకి నెమ్మదిగా దిగుతుందట, అంతే. ఆ ముక్కు సుమారు 450 డిగ్రీలకు చేరితేనే పట్టిన మసి కాలుతుంది. 850 దాటిందా, మీరు నిప్పు పెట్టకముందే పెట్రోలు అంటుకుంటుంది. ఆ రెంటి మధ్యే తమరి సంసారం. (మాదీ ఒకటో తారీకుకీ ఇరవయ్యో తారీకుకీ మధ్యే లెండి.)

ఇవేవీ చూడకుండా నేను కొట్లో అడిగిన ఒకే ఒక్క మాట, "ఇరిడియం ఉందా?" ఉంది. 2,400 డిగ్రీలు దాటితే గానీ కరగని లోహం, సూదిలాంటి కొన, నాలుగు మామూలు ప్లగ్గుల ధర. తీరా బండిలో గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే చోక్ ఇరుక్కుని ఉంది, ఎయిర్ ఫిల్టర్ నిండా దుమ్ము. పది రోజుల్లో ఇరిడియం వారూ బొగ్గే. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని, తెల్లగా పాలిపోతే లోపల కాగిపోతోందని, కాఫీరంగులో ఉంటే బాగుందని, ఇంజిన్ గుట్టంతా మీరొక్కరే చెబుతారు. మేమేం చేస్తాం? నిజం చెప్పిన విభీషణుణ్ణి రావణుడు తగిలేసినట్టు, పానాతో విప్పి పారేసి ఇంకొకరిని తెస్తాం. నా చేతుల మీదుగా ఇది మూడో విభీషణుడు.

ప్రస్తుతానికి చొక్కా అంచుతో తుడిచాను. మళ్లీ ఎక్కిస్తున్నాను. మొదట వేళ్లతోనే తిప్పుతాను, అల్యూమినియం హెడ్ కదా, మర పోతే తమరి ధరతో తేలే ఖర్చు కాదు. టోపీ పెట్టి పదకొండో కిక్కు కొడతాను. చోక్ సంగతి రేపు చూస్తానని వేపచెట్టు సాక్షిగా మాటిస్తున్నాను. నిన్న కూడా ఇచ్చాను, అది వేరే చెట్టు.

ఇట్లు,
కిక్కు మీద కాలు పెట్టి ఉన్న
తమ విధేయుడు