షుగర్ ఉన్న మా అమ్మ చేత టిఫిన్ మాన్పించినవాళ్లకి

షుగర్ మాత్ర వేసుకునే మనిషికి "రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా ఏమీ తినకండి, పేగుల్లో బ్యాక్టీరియా రీసెట్ అయిపోతుంది" అని చెప్పే ధైర్యం మీకు ఎక్కణ్నుంచి వస్తుందండీ?

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో డైట్ క్లాసులు చెప్పే ఆవిడ నిన్న వాయిస్ మెసేజ్ పెట్టింది. మా అమ్మ నమ్మింది. పొద్దున్నే గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంది, ఇడ్లీ మానేసింది. పదకొండింటికి చూస్తే వంటింటి గట్టు పట్టుకుని నిలబడి ఉంది. మెడ మీద చెమట, జాకెట్టు తడిసిపోయింది, మాట ముద్దగా వస్తోంది. మిషన్‌లో చూస్తే షుగర్ 54కి పడిపోయింది. గబగబా పంచదార నీళ్లు తాగించాను. ఆ మాత్ర క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. కడుపులో తిండి ఉందా లేదా అని అది చూడదు. ఈ ఒక్క ముక్క ఆ మెసేజ్‌లో లేదు. మన దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్ వాళ్ల సర్వే 2023లోనే చెప్పింది. గ్రూపులో ఏ మెసేజ్ పెట్టినా చదివేవాళ్లలో వాళ్లు ఉంటారు కదా!

పైగా ఈ ఉపవాసం గురించి "దీనికి నోబెల్ వచ్చింది" అంటారు. 2016లో జపాన్ శాస్త్రవేత్త ఒసుమి గారికి నోబెల్ వచ్చిన మాట నిజమే. ఆయన పరిశోధించింది ఈస్ట్ కణాల మీద. కణం తనలోని పాత సరుకుని తానే విడగొట్టి వాడుకునే పద్ధతి ఎలా పనిచేస్తుందో కనిపెట్టారు. పదహారు గంటలు తినకపోతే షుగర్ తగ్గుతుందని ఆయన ఎక్కడా నిరూపించలేదు. ఒక పెద్దాయన జీవితకాలం కష్టాన్ని తెచ్చి డైట్ ప్యాకేజీ అమ్ముకోవడానికి వాడుకుంటుంటే ఒళ్లు మండిపోతోంది.

బ్యాక్టీరియా సంగతికి వద్దాం. ఉపవాసం వల్ల అవి మారతాయి, నేను కాదనను. పెద్దపేగులో ఉండే బ్యాక్టీరియాకి మనం అరిగించుకోలేని పీచే తిండి. దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి, పెద్దపేగు గోడ కణాలు ఎక్కువగా వాటితోనే బతుకుతాయి. మనం తినని గంటల్లో, పేగు లోపలి జిగురు పొర మీద బతికే అక్కర్మాన్సియా లాంటి బ్యాక్టీరియాకి అవకాశం దొరుకుతుంది. కొవ్వు తిండి పెట్టిన ఎలుకలకి కూడా, తినే సమయాన్ని ఎనిమిది గంటలకి కుదిస్తే అంతగా ఒళ్లు రాలేదని అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో సచ్చిదానంద పండా బృందం 2012లో చూపించింది. బాగుంది. కానీ ఎలుక బతికేదే రెండు మూడేళ్లు. దానికి ఒక రాత్రి పస్తు, మనకి ఒక రాత్రి పస్తు ఒకటే ఎలా అవుతాయి? పన్నెండింటికి ఉపవాసం విడిచి బిర్యానీ, మైదా బిస్కెట్లు, కూల్‌డ్రింకు లాగిస్తే ఆ బ్యాక్టీరియాకి మిగిలేదేముంది? వాటికి కావలసింది తోటకూర, జొన్న రొట్టె, అలసందలు. ఆ మెసేజ్‌లో గంటలే తప్ప ఒక్క ఆకుకూర పేరు లేదు.

మనుషుల మీద ఏం తేలిందో కూడా చెప్తాను. అమెరికాలో 116 మంది మీద 12 వారాలు సరిగ్గా ఇదే, మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది లోపే తినే పద్ధతే పెట్టి చూశారు. మూడు పూటలా తిన్నవాళ్లకీ వీళ్లకీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2020లో వచ్చింది ఆ పేపర్. అంతకు రెండేళ్ల ముందు, షుగర్ అంచున ఉన్న ఎనిమిది మంది మగవాళ్ల చేత మధ్యాహ్నం మూడులోపే ఆఖరి భోజనం ముగించేలా చేశారు. బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది, బీపీ తగ్గింది. చిన్న పరిశోధనే, ఒప్పుకుంటాను. కానీ నాకు అర్థమైంది ఇదీ: పొద్దున తిని రాత్రి త్వరగా ముగించడంలో ఏదో మేలుంది. పొద్దున మాడి రాత్రి మెక్కడంలో లేదు.

ఇక్కడే నాకు అసలు కడుపు మంట. రాత్రి త్వరగా తినే భాగ్యం మన ఇళ్లలో ఏ ఆడమనిషికి ఉంది? నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ మా అమ్మ రాత్రి తొమ్మిదిన్నరలోపు కంచం ముందు కూర్చోవడం నేను చూడలేదు. నాన్నగారి వార్తలు అయిపోవాలి, అన్నయ్య ఆఫీసు నుంచి రావాలి, అందరికీ వేడివేడిగా వడ్డించాలి. తోటకూర పప్పు అడుగంటాక ఆవిడ వంతు వస్తుంది. గిన్నె అంచుకి అంటుకున్నది గరిటెతో గీక్కుని, అన్నంలో ఇంత పచ్చడి, నీళ్ల మజ్జిగ. పీచు ఉన్నదంతా మాకు, తెల్లన్నం ఆవిడకి. ఇక శనివారం ఒక్కపొద్దు, కార్తీక సోమవారాలు, మా పరీక్షలకి, మా ఉద్యోగాలకి మొక్కుకున్న ఉపవాసాలు. తిండి మానేస్తే చాలు షుగర్ పోయేటట్టయితే మా అమ్మకి, మా పెద్దమ్మకి, మా అత్తయ్యకి షుగర్ వచ్చేదే కాదు. జీవితమంతా పస్తులున్న మనుషులు వాళ్లు. వాళ్లకి మళ్లీ పస్తుండమని సలహా!

మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా పూట మానొద్దని గ్రూపులో నేనే రాశాను. ఆవిడ చూసింది, జవాబు లేదు.

నాన్నగారికి కూడా చెప్పేశాను. ఇవాళ్టి నుంచి రాత్రి ఏడింటికి మొదటి కంచం అమ్మదే, ఆకుకూర మొదట ఆవిడకే వడ్డించాలి. వార్తలు చూసి వచ్చేవాళ్లు ఎవరికి వాళ్లు వడ్డించుకోవాలి. ఆయనకి కోపం వచ్చింది. రానీ.